ఎడమ చివరి సిపాయి

నేను ముప్పై రెండేళ్లు పాత ఫోటోలతో పనిచేశాను. హైదరాబాద్‌లో పాత కాగితాలు, ఫోటోలు భద్రపరిచే ఒక కార్యాలయంలో ఫోటోల విభాగం నాది. రోజూ చౌటుప్పల్ నుంచి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. ఆ పనంటే దుమ్ము తుడవడం, బూజు పట్టకుండా చూడడం, చిరిగినవి అతికించడం అని అందరూ అనుకుంటారు. అవన్నీ ఆరు నెలల్లో ఎవరికైనా వస్తాయి. అసలు పని ఫోటోలో ఉన్న మనిషి ఎవరో తేల్చడం. అది నాకు ముప్పై రెండేళ్లకూ పూర్తిగా రాలేదు.

ఈ మధ్య అదే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "మీరు చేసిన మంచి పనులు చెప్పండి సార్" అన్నారు. మంచి పనులు చెబితే వాళ్లకేం ఉపయోగం? నేను చేసిన ఒక తప్పు చెప్పాను. సగం వినేసరికి వాళ్ల చేతుల్లో చాయ్ చల్లారిపోయింది. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ముఖం చివర చూడాలి

నేను చేరినప్పటి మా పెద్దసారు మహా కోపిష్టి. మొదటి నెలలోనే ఒక పెళ్లి ఫోటో నా ముందు పెట్టి, అందులోని ముఖాలన్నిటి మీదా కాగితం ముక్కలు కప్పి, "పెండ్లిపిలగాడు ఎవడో చెప్పు" అన్నాడు. నేను జరీ తలపాగా ఉన్నాయన్ని చూపించాను.

"కాళ్లు చూసినవా?"

చూడలేదు. వరస చివర మామూలు చొక్కాతో నిలబడ్డ మనిషి పాదాల అంచుకు నల్లగా గీత ఉంది. పారాణి. జరీ తలపాగా పెట్టుకున్నది పెళ్లికొడుకు అన్న అట.

"మొకం మోసం చేస్తది. చూడంగనే తెల్సినట్టె అనిపిస్తది. ముందుగాల చేతులు చూడు, కాళ్లు చూడు, బట్టలు చూడు. మొకం ఆఖరుకు చూడు" అన్నాడు.

ఆయన దగ్గర తిట్లు తిన్నంతగా నేనెవరి దగ్గరా తినలేదు. కానీ ఆ మాట విన్నంత కాలం నా పని సవ్యంగా సాగింది. ఒక్కసారి మరిచిపోయాను.

ట్రంకు పెట్టెలో ఫోటో

తెలంగాణ వచ్చిన మూడో ఏడాది. చౌటుప్పల్‌లో మా వీధిలోనే ఉండే సరళ అనే టీచరమ్మ ఒక ఫోటో తెచ్చింది. వాళ్ల నాయిన రాజలింగం గారు పటాలంలో హవల్దారు. ఆయన పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే దొరికిందట. డెబ్బై ఒకటి యుద్ధం నాటిది. ఒక లారీ ముందు ఐదుగురు సిపాయిలు వరసగా నిలబడి ఉన్నారు.

ఫోటోతో పాటు ఒక ఉత్తరం ఉంది. చాలా ఏళ్ల తర్వాత, అప్పటి తోటి సిపాయి ఎవరో రాజలింగం గారికి రాసింది. అందులో ఆ ఫోటో సంగతి ఎత్తి, "ఎడమ దిక్కు నుంచి వరుసగా" అంటూ ఐదుగురి పేర్లూ ఊళ్లూ రాశాడు. మొదటివాడు బీరయ్య, దేవరకొండ అవతల ఒక చిన్న ఊరు. మూడోవాడు రాజలింగం. ఐదోవాడు జానయ్య, హాలియా దగ్గర. రెండో మనిషి, నాలుగో మనిషి వేరే జిల్లాలవాళ్లు. కింద ఒక వాక్యం: "ఫోటో దిగిన మూడో రోజే మన బీరయ్య పోయె."

ఫోటోలో కుడి చివర మనిషి ముఖాన్ని తేమ తినేసింది. మెడ నుంచి నొసలు దాకా తెల్లటి మచ్చ. ఎడమ చివర మనిషి మాత్రం నిన్న దిగినట్టు స్పష్టంగా ఉన్నాడు. గుబురు మీసం, నవ్వు.

"నడిమిట్ల ఉన్నది మా నాయిననే సార్. నేను యాడున్నా గుర్తువడ్త" అంది సరళ.

మధ్యలో ఉన్నాయన ఉత్తరంలో చెప్పినట్టే రాజలింగం గారని తేలింది. ఇక మిగతా వరసా సరేననుకున్నాను. ఎడమ చివర ఉన్నవాడు బీరయ్య. కుడి చివర, ముఖం లేనివాడు జానయ్య. ఫోటో వెనక నేనే పెన్సిలుతో పేర్లు రాశాను. పది నిమిషాల పని.

అప్పటికి మా పెద్దసారు మారాడు. కొత్తాయన జూన్ రెండుకు ప్రదర్శన పెట్టాలని తొందరలో ఉన్నాడు. "యుద్ధంలో ప్రాణాలిచ్చిన మన తెలంగాణ మనిషి! ఇంతకంటే ఏం కావాలి? పెద్దది చేసి పెట్టు" అన్నాడు. తొందర ఆయనది, కానీ తప్పు ఆయనది కాదు. చూడవలసిన కళ్లు నావి.

సైదులు

బీరయ్య ఊరు నేనే వెతుక్కుంటూ పోయాను. ఊరి చివర గొర్ల దొడ్డి, పక్కనే రెండు గదుల ఇల్లు. బీరయ్య కొడుకు సైదులు మందను తోలుకుపోబోతూ ఆగాడు. నలభై ఐదేళ్లు ఉంటాయి. తండ్రి పోయేనాటికి తల్లి కడుపులో ఉన్నాడు. వాళ్లింట్లో ఉన్న ఒక్క ఫోటో, సైదులు చంటివాడిగా ఉన్నప్పుడే మట్టిగోడ వానకు కూలి దాంతో పాటే పోయింది. పటాలం నుంచి వచ్చిన కాగితాల్లో పేరుంది, నంబరుంది, ముఖం లేదు.

నేను సంచిలోంచి పెద్దది చేసిన ఫోటో తీసి చూపించాను. ఎడమ చివర మనిషి ఒక్కడినే విడిగా తీసిన ఫోటో అది.

సైదులు చేతికర్ర కింద పడేసి, రెండు చేతులూ తువ్వాలుకు తుడుచుకుని ఫోటో అందుకున్నాడు.

"గిన్నేండ్లు అద్దంల నా మొకం చూస్కొని, మా నాయిన గిట్ల ఉండెనేమో అనుకునేటోన్ని సార్. గింత మంచిగ నవ్వుతుండెనా!" అన్నాడు. అంత మనిషి దొడ్డి గోడకు ఆనుకుని "నాయినా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అరుగు మీద వాళ్లమ్మ లింగమ్మ ఉన్ని వడుకుతోంది. సైదులు ఫోటో పట్టుకుని వెళ్లి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఫోటో వంక చూసింది. కొడుకు వంక చూసింది. మళ్లీ కదురు అందుకుంది.

"అమ్మకు కండ్లు మంచిగ కనవడయి సార్" అన్నాడు సైదులు.

నేను నమ్మాను. ఆ మనిషితో కాపురం చేసిన ఆమె రెండు బారల దూరంలో కూర్చుని ఉంది. "ఈయనేనా అమ్మా?" అని ఒక్క మాట అడగలేదు.

ముసుగు తీసిన రోజు

జూన్ ప్రదర్శనలో ఆ ఫోటో చూసి ఊరివాళ్లు కదిలారు. రోడ్డు పక్క బీరయ్య విగ్రహం పెట్టాలన్నారు. సర్పంచ్ ముందు నిలబడి చేయించాడు. నడుము వరకు సిమెంటు విగ్రహం. శిల్పి నా దగ్గరికే వచ్చి ఫోటో తీసుకుపోయాడు. పనివాడు మంచివాడు. మీసం కొసలు కూడా తప్పలేదు.

విగ్రహం మీద ముసుగు తీసే రోజు నన్నూ పిలిచారు. చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న పాత సిపాయిలందరికీ కబురు పంపారు. టెంటు, మైకు, డప్పులు. సైదులు కొత్త ధోతి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. లింగమ్మను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

గుడ్డ లాగారు. చప్పట్లు మోగాయి. సైదులు నిచ్చెన ఎక్కి దండ వేశాడు.

సరిగ్గా అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది. బట్టతల, తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కాకు పతకం పెట్టుకున్న ముసలాయన.

"ఫోటో తెచ్చిన సారు నువ్వేనా? జర గిట్ల పక్కకు రా."

టెంటు వెనక్కి వెళ్లాం.

"ఆ బొమ్మ ఎవలది సార్?"

"బీరయ్యది."

"కాదు. అది నాది."

ఎండకు సోయి తప్పిందేమో అనుకున్నాను. కుర్చీ తెప్పిస్తానన్నాను. ఆయన కదల్లేదు.

"నేను జానయ్యను. హాలియా కాడి నుంచి వచ్చిన. బీరన్న, నేను ఒక్క బారక్‌ల ఉంటిమి. అగో, ఆ దండ ఏసింది నాకు సార్. నేను బతికే ఉన్న!"

నేను ఆయన ముఖం వంక చూశాను. తెల్ల మీసం కింద అదే పెదవి. ముడతల వెనక అవే కళ్లు. టెంటు అంచు పైనుంచి విగ్రహం కనబడుతోంది. రెండిటినీ ఒకేసారి చూడగలిగే చోట నిలబడి ఉన్నాను.

సంచిలో అసలు ఫోటో ఉంది. తీసి ఇచ్చాను. ఆయన దాన్ని ఎండకు పెట్టి చూశాడు.

"గిది ఉల్టా ఉన్నది సార్. నా గడియారం నేను ఎప్పటికి ఎడమ చేతికే కట్టుకుంటి. గీండ్ల కుడి చేతికున్నది, చూడు."

చూశాను. ఐదుగురిలో ఇద్దరికి గడియారాలున్నాయి. ఇద్దరికీ కుడి చేతులకే. చొక్కాలు చూశాను. మగవాళ్ల చొక్కాకు ఎడమ పట్టీ పైకి వస్తుంది. ఇక్కడ ఐదుగురికీ కుడి పట్టీ పైన ఉంది. ఎప్పుడో, ఏ స్టూడియోలోనో కాపీ తీసేటప్పుడు ఫిల్ము తిరగేసి పెట్టారు. ఎడమ చివర మనిషి కుడి చివరకు పోయాడు. కుడివాడు ఎడమకు వచ్చాడు. మధ్యమనిషి ఎటు తిప్పినా మధ్యలోనే ఉంటాడు గనుక రాజలింగం గారు మారలేదు. ఆయన సరిపోయాడనే నేను అందరినీ నమ్మేశాను.

మాది పోచంపల్లి మగ్గాల ఇల్లు. మా బాపు నేసే బట్టకు పైవైపు, లోపలివైపు అని తేడా ఉండేది కాదు. ఫోటోకు ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి కొత్తవాళ్లకు చెబుతున్నది నేనే.

జానయ్య కోసం కూడా నేను వెతికి ఉంటే, ఆయన ఇంటికి పోయిన రోజే సంగతి తెలిసిపోయేది. హాలియా ఎంత దూరం? కానీ ఫోటోలో ముఖమే లేని మనిషి కోసం పోవడమెందుకని ఊరుకున్నాను.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"ఇయ్యాల నేనేమనను. గంత మంది ముంగట ఆ పిలగాన్ని ఆగం చెయ్యొద్దు. రేపు పొద్దుగాల నువ్వే పోయి చెప్పు. చెప్పకుంటే నేను చెప్త."

టెంటు ముందు మైకులో ఎవరో "బీరయ్య అమర్ రహే" అంటున్నారు. జానయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

లింగమ్మకు తెలుసు

మర్నాడు పొద్దున నేను పోయేసరికి లింగమ్మ ఒక్కతే అరుగు మీద ఉంది. సైదులు దొడ్డి దగ్గర గొర్లను విడిచిపెడుతున్నాడు. నేను చెప్పులు విప్పి, ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను.

"కూసో సారూ. నువ్వెందుకొచ్చినవో నాకెరికే" అంది. "నిన్న ఆ హాలియాయన రాంగనే మొకం గుర్తువట్టిన. ఆ బొమ్మ ఆయనదే గదా?"

"మీకు కళ్లు కనబడవన్నాడు సైదులు."

"సూదిల దారం ఎక్కది. మనిషి ఎందుకు కనవడడు?"

"అయితే ఫోటో తెచ్చిన రోజే..."

"గా దినమే తెల్సు. మా ఆయనకు గంత మీసం యాడిది? గట్ల నవ్వెటోడు గుడ కాదు."

ఏడాదిగా ఆమెకు తెలుసు. ఇంట్లో ఆ ఫోటోకు రోజూ కొడుకు దీపం పెడుతుంటే చూస్తూ ఉంది. పరాయి మగవాడి బొమ్మకు తన మొగుడి పేరు పెట్టి ఊరంతా మొక్కుతుంటే, ముందు కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె ఉన్ని పోగు తెగితే ముడేసింది.

"పోరడు నాయినా అని ఏడ్సిండు సారూ. పుట్టినకాన్నుంచి ఆ మాట వానికి నోట్లెకు రాలే. ఒక్కపారి వచ్చింది. గది కూడ కాదని నేనెట్ల అందు?"

ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లున్నారు. ఆమె తిట్టలేదు. అందుకే ఆ మాటలు ఇన్నేళ్లయినా ఇంకా గుచ్చుకుంటున్నాయి.

సైదులు వచ్చాడు. నేను సరాసరి చెప్పేశాను. గడియారం, చొక్కా పట్టీ, జానయ్య, అన్నీ. తప్పు నాదని రెండుసార్లు చెప్పాను. అతను కొట్టినా పడాలనుకున్నాను. అతను వాళ్లమ్మ వంక చూశాడు. ఆమె తల వంచుకుంది. అతను మళ్లీ నా వైపు తిరిగి అడిగాడు:

"మరి మా నాయిన ఏడి సార్?"

అసలు ఫోటో ఇచ్చి కుడి చివర మనిషిని చూపించాను. సైదులు తెల్లటి మచ్చ మీద వేలు పెట్టాడు.

"గిదేంది సార్. మొకమే లేదు."

ఫోటో అరుగు మీద పెట్టి మందను తోలుకుని వెళ్లిపోయాడు. మూడు రోజులు నా ఫోను ఎత్తలేదు.

లేని ముఖం

ఆఫీసులో విషయం చెప్పాను. కొత్త సారు ముందు భయపడ్డాడు, తర్వాత ఉపాయం చెప్పాడు. "ఇప్పుడు కంప్యూటర్లే ముఖం పూర్తి చేస్తాయి కదా. చెవి ఉంది, తల ఆకారం ఉంది. మిగతాది అదే నింపుతుంది. ఇచ్చెయ్, సంతోషిస్తారు."

నాలుగో రోజు సైదులే ఫోను చేసి అదే అడిగాడు. "ఫోన్లల్ల గుడ చేస్తున్నరట గదా సార్."

"చేస్తారు సైదులూ. బాగానే వస్తుంది. కానీ ఆ ముఖం ఎవరిదంటే నేను చెప్పలేను. ఒకసారి వేరేవాళ్ల ముఖం తెచ్చి నీకిచ్చాను. రెండోసారి ఇవ్వను."

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. లేనిదాన్ని లేదని రాయండి. ఖాళీ చూసి జనం బాధపడతారు. బాధపడనివ్వండి. తప్పుడు ముఖం ఇస్తే ఎంత దూరం పోతుందో నేను కళ్లారా చూశాను. ఇంకొకటి, ఇంట్లో ఉన్న ఆడమనిషిని మొట్టమొదట అడగండి. సర్పంచ్, కొడుకు, పెద్దసారు, అందరూ తర్వాత.

జానయ్య తనంతట తానే ఆ ఊరికి పోయి, ఆ ఇంట్లో రెండు రోజులు ఉన్నాడు. నన్నూ రమ్మన్నాడు. అరుగు మీద కూర్చుని బీరయ్య సంగతులు చెప్పాడు. సరిహద్దులో ఊళ్లు ఖాళీ చేసి జనం పోతే, విడిచిపెట్టిన మేకలు తిరుగుతుండేవట. బీరయ్య నాలుకతో ఏదో సప్పుడు చేస్తే అవన్నీ దగ్గరికొచ్చేవట. మగ్గుల్లో పాలు పిండి అందరికీ చాయ్ పెట్టేవాడట.

సైదులు ఉన్నట్టుండి నాలుక మడిచి ఒక సప్పుడు చేశాడు. దొడ్డిలో గొర్లు తలలెత్తాయి.

"గదే! గదే సప్పుడు!" అని జానయ్య సగం లేచాడు. "నీకెవరు నేర్పిన్రు?"

"మా తాత."

లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జానయ్యను అడిగింది: "ఆఖరుకు నీళ్లు అడిగిండా అన్నా?"

"అడిగే యాళ్ల లేకుండె చెల్లె. తోపుగుండు వచ్చి మీద వడ్డది. నేను నూరు అడుగుల దూరంల ఉన్న. ఉరికిపోయేసరికి అయిపాయె."

నలభై ఐదేళ్లుగా ఆమెకు ఆ జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆమె తల ఊపింది.

విగ్రహం ఏం చెయ్యాలో సైదులే తేల్చాడు. శిల్పిని పిలిపించాడు. తల కోసి తీసి, మెడ మీద కొత్తది చెయ్యమన్నాడు. కొలతకు ఫోటో లేదు. లింగమ్మ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. ముక్కు అట్ల కాదు, నొసలు ఇంకొంచెం వెడల్పు, మీసం సన్నగ, అని చెబుతూ పోయింది. శిల్పి వారం రోజులు మట్టిలో చేసి చెరిపి, చేసి చెరిపి, చివరికి ఆమె "గింత చాలు" అన్నాక సిమెంటులో పోశాడు.

కోసిన తలను జానయ్య అడిగి తీసుకున్నాడు. గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. సంచిలో ఏముందని కండక్టర్ అడిగితే "నా తలకాయ" అన్నాడట. ఇంట్లో పెడితే ఆయన భార్య భయపడి తిట్టిపోసిందట. ఫోను చేసి చెబుతూ పగలబడి నవ్వాడు. ఆ మాటకు నేనూ నవ్వాను.

ఆమె నాతో అన్నది

కొత్త తలకు రంగు వేసిన రోజు నేనూ ఉన్నాను. ఈసారి మైకు లేదు, టెంటు లేదు. సైదులు, లింగమ్మ, శిల్పి, నేను. ఫోటోలో ఉన్న మనిషి లాంటి నవ్వు దీనికి లేదు. చామనఛాయ, సన్న మీసం, కొంచెం చిన్నబుచ్చుకున్నట్టుండే కళ్లు. సైదులు విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, గొర్ల దగ్గరికి పోయాడు.

నేను లింగమ్మను అడిగాను. ఈసారి మరిచిపోలేదు.

"ఈయనేనా అమ్మా?"

ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నిజం చెప్పాల్నా సారూ? నలబై ఐదేండ్లాయె. పెండ్లయినంక మా ఆయన ఇంటికాడ ఉన్నది అంత గలిపి మూడు నెలలు లేదు. నాకు గుడ మొకం మతికి లేదు. కండ్లు మూస్తే మసక మసకనే అవుపడ్తది. ఎవలు కాదో మటుకు తెల్సు. గందుకే కాదు కాదు అనుకుంట వచ్చిన. గిది చూస్తే కాదనబుద్ధి అయితలేదు."

శిల్పి రంగు డబ్బా మూత పెడుతూ ఆగిపోయాడు.

"సైదులుకు చెప్పకు" అంది.

ఆమె పోయి రెండేళ్లయింది. ఇది అచ్చుకు ఇచ్చేముందు ఆ ఊరు పోయి సైదులుకు చదివి వినిపించాను. చివరి మాటల దగ్గరికొచ్చి ఆగాను. చదవాలా వద్దా అని కాగితం మడుస్తుంటే అతనే అందుకున్నాడు.

"చదువు సార్. నాకెరికే. మా అమ్మ వారం దినాలు చెప్పుకుంట పోతుంటె నేను ఎన్క నిలవడి చూస్తనే ఉంటి. ముక్కు, నొసలు, అన్ని నా దిక్కు తిరిగి తిరిగి చూసుకుంటనే చెప్పింది."